బడికి వెళ్ళకముందే వ్యాకరణం

పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ 1858లో వెలువడింది. ఆ సూత్రాలను తరాల తరబడి తెలుగు విద్యార్థులు వల్లె వేశారు. సరిగ్గా నూరేళ్ళకు, 1958లో, జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక వ్యాసం ప్రచురించారు. చదవడం, రాయడం రాని నాలుగేళ్ళ పిల్లల దగ్గర కూడా వ్యాకరణం ఉందనీ, అంతకుముందు ఎన్నడూ వినని మాటకు సైతం దాన్ని వాడగలరనీ ఆ వ్యాసం చూపించింది.

పిల్లలు పెద్దల్ని అనుకరించి మాట్లాడతారని చాలామంది నమ్మకం. మాటల సంగతిలో అది చాలావరకు నిజమే. వాక్యాల దగ్గరకు వచ్చేసరికి కాదు. కింది విశేషాలన్నీ ఆ తేడా చుట్టూ తిరిగేవే.

వగ్ అనే పిట్ట

బెర్కో చేసిన పరీక్ష చాలా సులువైనది. పిట్టలాంటి ఒక వింత బొమ్మ చూపించి, “ఇది వగ్” అని చెప్పారు. తరవాత అలాంటివే రెండు చూపించి, “ఇప్పుడు రెండున్నాయి. ఇవి రెండు...” అని ఆపేశారు. పిల్లలు “వగ్జ్” అని పూర్తి చేశారు. వగ్ అనే మాట ఇంగ్లీషులో లేదు. బెర్కో కల్పించిందే. అంటే దాని బహువచనాన్ని ఆ పిల్లలు ఎవరి నోటా విని ఉండే వీలే లేదు. అప్పటికప్పుడు తయారు చేసుకున్నారన్నమాట.

దీన్ని తెలుగులో మీరే చేసి చూడవచ్చు. ఓ కాగితం మీద పిచ్చి బొమ్మ గీసి, “ఇది టిమ్మి. ఇదిగో ఇంకోటి వచ్చింది. ఇప్పుడు రెండు...?” అని నాలుగైదేళ్ళ పాపను అడగండి. “టిమ్ములు” అంటే గమనించండి, అక్కడ జరిగినవి రెండు పనులు. చివర ‘లు’ చేరింది. దాంతోపాటు ‘మ్మి’ కాస్తా ‘మ్ము’ అయింది. పిల్లి పిల్లులైనట్టు, బల్లి బల్లులైనట్టు. ఈ అచ్చు మార్పు గురించి ఆ పాపకు ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. చెప్పమంటే మనలో చాలామందికి చెప్పడమూ రాదు.

క్రియాపదంతో ఇంకా బాగుంటుంది. “తాత రోజూ బిలుకుతాడు. నిన్న కూడా...?” అని అడిగితే, “బిలికాడు” అని రావాలి. తెలంగాణ పిల్లల నోట “బిలికిండు” అని రావాలి. అడుగుతాడు–అడిగాడు, కదులుతాడు–కదిలాడు వరుసలోకి ఆ లేని మాటను పిల్లలే సర్దుతారు. అదీ తమ ఊరి తెలుగులో సర్దుతారు.

ఏడుపుకీ యాస ఉంది

ఫ్రెంచి తల్లులకు పుట్టిన మూడు నాలుగు రోజుల శిశువుల ఏడుపునూ, జర్మన్ తల్లులకు పుట్టిన శిశువుల ఏడుపునూ కాథ్లీన్ వెర్మ్కే బృందం పోల్చి, ఫలితాలు 2009లో ప్రకటించింది. ఫ్రెంచి పాపల ఏడుపు స్థాయి కింద మొదలై పైకి లేస్తోంది. జర్మన్ పాపలది పైన మొదలై కిందికి దిగుతోంది. ఆ రెండు భాషల నుడి తీరూ అలాంటిదే. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు మాటలు విడివిడిగా వినపడవు కానీ, అమ్మ గొంతులోని ఎత్తుపల్లాలు చేరతాయి. ఫ్రాన్స్‌లో జాక్ మెహ్లర్ బృందం 1988లోనే మరో సంగతి తేల్చింది. పుట్టి నాలుగు రోజులైన ఫ్రెంచి శిశువులు ఫ్రెంచినీ రష్యన్‌నూ వేరుపరచగలరట. వాక్యం ఎక్కడ ఎత్తుకుంటుంది, ఎక్కడ ఆగుతుంది అన్న ఎరుకకు ఇదే తొలిమెట్టు.

‘పాట’కూ ‘పాత’కూ తేడా తెలిసిన వయసు

పాట అన్నా పాత అన్నా ఇంగ్లీషు పెద్దలకు ఒకేలా వినపడుతుంది. వాళ్ళ పసిపిల్లలకు మాత్రం తేడా తెలుస్తుంది! కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో హిందీలోని ట, త శబ్దాలను ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న శిశువులకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్ళు తేడా పట్టేశారు. పది పన్నెండు నెలల వాళ్ళలో అత్యధికులు పట్టలేకపోయారు. హిందీ వింటూ పెరిగే పిల్లల్లో ఆ శక్తి నిలిచే ఉంది. మొదటి పుట్టినరోజు నాటికే పిల్లలు తమకు అక్కరలేని తేడాలను వదిలేసి, తమ భాషకు కావలసినవి ఉంచుకుంటారన్నమాట.

ఎనిమిది నెలల వయసు, రెండు నిమిషాల సమయం

మనం మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలం. తెలియని భాష వింటే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. మరి ఎక్కడ ఏ మాట ముగిసిందో పసివాళ్ళకెలా తెలుస్తుంది? జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ 1996లో ఒక జవాబు చెప్పారు. అర్థంలేని మూడక్షరాల మాటలు కొన్ని తయారుచేసి, విరామం లేకుండా, గొంతు ఎక్కడా హెచ్చుతగ్గులు కాకుండా ఎనిమిది నెలల పిల్లలకు రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తరవాత ఏ అక్షరం తప్పకుండా వస్తోంది, ఎక్కడ ఆ వరుస తెగుతోంది అన్న ఒక్క ఆధారంతోనే పిల్లలు మాటల సరిహద్దులు పట్టుకున్నారు.

నోటికన్నా చెవి ముందు

ఒక్కో మాటే పలికే పిల్లలకు వాక్యం అర్థం కాదనుకుంటాం. కాథీ హిర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ దీన్ని పరీక్షించారు. ఏడాదిన్నర వయసు పిల్లల ముందు రెండు టీవీ తెరలు పెట్టారు. ఒక దాంట్లో మొదటి బొమ్మ రెండో బొమ్మకు చక్కిలిగింతలు పెడుతోంది. ఇంకో దాంట్లో రెండోది మొదటిదానికి పెడుతోంది. ఎవరు ఎవరికి పెడుతున్నారో చెప్పే వాక్యం వినిపించగానే పిల్లల చూపు సరైన తెర వైపు ఎక్కువసేపు నిలిచింది. ఇంకా రెండు మాటలు కలిపి పలకడమే సరిగా రాని పిల్లలు, మాటల వరుసను బట్టి కర్త ఎవరో పసిగట్టారు.

ఇంగ్లీషు పిల్లలకు వరుసే దిక్కు. మన పిల్లలకు అలా కాదు. ‘కుక్క పిల్లిని తరిమింది’, ‘పిల్లిని కుక్క తరిమింది’ రెండింటికీ అర్థం ఒకటే. వరుస మారినా మారనిది ‘ని’. తెలుగు పిల్లలు ఆ చిన్న అక్షరాన్ని పట్టుకోవాలి.

ఒక ‘నో’, మూడు తెలుగు మాటలు

లోయిస్ బ్లూమ్ ముగ్గురు పిల్లల మాటలను దగ్గరగా గమనించి 1970లో పుస్తకం తెచ్చారు. ఇంగ్లీషు పిల్లలు ‘నో’ అనే ఒక్క మాటనే మూడు రకాలుగా వాడుతున్నారని అందులో చెప్పారు. ఉండాల్సింది లేనప్పుడు అనేది మొదటి రకం. అక్కర్లేదని తోసేసేది రెండోది. మీరన్నది నిజం కాదని కాదనేది మూడోది. ఆ మూడూ అదే వరుసలో వచ్చాయని కూడా గమనించారు. కాదనడం అన్నిటికన్నా ఆలస్యం. ఎందుకంటే అందులో ఎదుటివాళ్ళ మాటను మనసులో నిలుపుకుని, దానితో విభేదించాలి.

తెలుగులో ఈ మూడింటికీ మూడు మాటలున్నాయి: లేదు, వద్దు, కాదు. ఇంగ్లీషు పిల్లల విషయంలో పరిశోధకులు సందర్భాన్ని బట్టి ఊహించాల్సిన తేడా, తెలుగు పిల్లల నోట నేరుగా వినపడుతుంది. మీ ఇంటి బుడతడు ‘బువ్వ వద్దు’ ఎప్పుడన్నాడు, ‘పాలు లేవు’ ఎప్పుడన్నాడు, ‘అది కుక్క కాదు’ అని మొదటిసారి ఎప్పుడు వాదించాడు, రాసి పెట్టుకుంటే అది చిన్న పరిశోధనే.

తప్పులో ఉన్న తెలివి

ఇంగ్లీషు పిల్లలు ‘వెళ్ళాను’ అనడానికి మొదట ‘వెంట్’ అని సరిగ్గానే అంటారు. కొన్నాళ్ళకు ‘గో’ చివర ‘డ్’ చేర్చి ‘గోడ్’ అనడం మొదలుపెడతారు. మళ్ళీ ఎప్పటికో ‘వెంట్’కు వస్తారు. తల్లిదండ్రులు కంగారుపడతారు, వచ్చింది పోయిందే అని. పోలేదు. మొదట్లో ‘వెంట్’ విన్న మాట. మధ్యలో పాపకు ఒక నియమం దొరికింది. జరిగిపోయినదానికి చివర ‘డ్’ చేర్చాలి. దొరికిన నియమాన్ని అన్నిటి మీదా ప్రయోగించింది.

గ్యారీ మార్కస్, స్టీవెన్ పింకర్ తదితరులు 1992లో 83 మంది పిల్లల మాటలు లెక్కగట్టారు. నియమానికి లొంగని క్రియల దగ్గర ఇలాంటి తప్పులు మధ్యస్థంగా 2.5 శాతమే ఉన్నాయట. పెద్దలకు అవి వింతగా తోచి గుర్తుండిపోతాయి కానీ, పిల్లలు చాలాసార్లు సరిగానే అంటారు.

తెలుగులో ఇలాంటి చోట్లు బోలెడు. ‘చెయ్యి’కి బహువచనం ‘చేతులు’. పాప మాత్రం ‘చెయ్యిలు’ అంటుంది. ‘సంచిలో’, ‘గదిలో’, ‘కారులో’ విన్న బాబు ‘ఇల్లులో’ అంటాడు. మనం రోజూ ‘ఇంట్లో’ అంటూనే ఉంటాం, వాడు వింటూనే ఉంటాడు. అయినా వాడి లెక్క వాడిది. ‘చెప్పాడు, చెప్పలేదు’ అన్నప్పుడు ‘వచ్చాడు, వచ్చలేదు’ ఎందుకు కాకూడదు? నిజానికి లెక్క తప్పింది భాషదే. ‘రాలేదు’ అనేది విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట. అలాంటివి ఒక్కొక్కటీ మనసులో గట్టిపడే దాకా నియమమే రాజ్యమేలుతుంది. చిలకపలుకులు పలికే పిల్లలైతే ఎన్నటికీ ‘ఇల్లులో’ అనరు. ఈ తప్పు దొర్లిందంటే లోపల వ్యాకరణం పని మొదలైందని అర్థం.

దిద్దితే దిద్దుకోరు

డేవిడ్ మెక్‌నీల్ 1966లో చెప్పిన ఉదాహరణ భాషాశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలుసు. నేనంటే ఎవరికీ ఇష్టం లేదని చెప్పబోయిన ఒక పిల్లవాడు, ఇంగ్లీషులో ఒక్క వ్యతిరేకార్థకం సరిపోయే చోట రెండు పెట్టాడు. తల్లి సరైన వాక్యం చెప్పింది. వాడు మళ్ళీ తన వాక్యమే అన్నాడు. ఇలా ఎనిమిదిసార్లు జరిగింది. చివరికి తల్లి విసిగి, జాగ్రత్తగా విను అంటే, వాడు ఆమె వాక్యంలోని ‘స్’ ఒక్కటి పట్టుకెళ్ళి తన తప్పు వాక్యంలోనే అంటించాడు. పాపం, ఎవరికీ నేనంటే ఇష్టం లేదంటున్న పిల్లవాడికి తల్లి వ్యాకరణం చెప్పడమేమిటని నాకు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్ 1962 నుంచి ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ళ తరబడి రికార్డు చేయించారు. ఆడమ్, ఈవ్, సారా అన్నవి వాళ్ళకు పెట్టిన మారుపేర్లు. తల్లిదండ్రులు దేన్ని మెచ్చుకుంటారు, దేన్ని దిద్దుతారు అని బ్రౌన్, కామిల్ హాన్లన్ చూశారు. తేలిందేమంటే, పెద్దలు దిద్దేది నిజానిజాలను. వాక్యం ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా విషయం నిజమైతే ‘అవును’ అంటారు. వాక్యం చక్కగా ఉన్నా విషయం తప్పైతే ‘కాదు’ అంటారు. అయినా ఆ పిల్లలు పెరిగి వ్యాకరణం తప్పకుండా మాట్లాడారు.

బ్రౌన్ పరిశోధనలో ఇంకో మెరుపుంది. ప్రత్యయాలు, సహాయపదాల లాంటి చిన్న అంశాలు పద్నాలుగు ఏ వరుసలో వస్తున్నాయో చూస్తే, ముగ్గురిలోనూ వరుస దాదాపు ఒకటే. తల్లిదండ్రులు ఏది ఎక్కువసార్లు వాడారన్నదానితో దానికి సంబంధం కనపడలేదు. ఇంగ్లీషులో ఎడతెగకుండా వినపడే ‘ది’, ‘ఎ’ల కన్నా ముందే ఇంకా ఎన్నో వచ్చేశాయి.

లైలు కాదు, లైలు!

బాబు రైలును ‘లైలు’ అంటాడు. మనం ముద్దుగా “అవునా, లైలా?” అంటే ఒప్పుకోడు. “కాదు, లైలు!” అంటాడు. “రైలా?” అంటే “ఆఁ, లైలు” అని తలాడిస్తాడు. బెర్కో, బ్రౌన్ 1960లో ఇంగ్లీషు ‘ఫిష్’ను ‘ఫిస్’ అనే పిల్లవాడి గురించి సరిగ్గా ఇదే రాశారు. సరైన మాట వాడి మనసులో ఉంది. నాలుకే ఇంకా తిరగలేదు. వచ్చీరాని మాటలతో పిల్లలతో మాట్లాడితేనే వాళ్ళకు అర్థమవుతుందన్న అపోహకు ఇది జవాబు.

మాట చివర పెట్టిన చెవి

టర్కీ పిల్లలు రెండేళ్ళ వయసుకే నామవాచకాల విభక్తులను దాదాపు తప్పు లేకుండా వాడతారని డాన్ స్లోబిన్, ఐహాన్ అక్సు-కోచ్ చూపించారు. ఇంగ్లీషు పిల్లలు చిన్నచిన్న ప్రత్యయాలతో అప్పటికింకా తంటాలు పడుతుంటారు. టర్కిష్‌లోని ప్రత్యయాలు మాట చివర వస్తాయి, స్పష్టంగా వినపడతాయి, పెద్దగా మినహాయింపులుండవు. అసలు ఆశ్చర్యం అప్పటి యుగోస్లావియాది. హంగేరియన్, సెర్బో-క్రొయేషియన్ రెండూ ఇంట్లో వినే పిల్లలు ‘లోకి’, ‘మీద’ లాంటి అర్థాలను హంగేరియన్‌లో చాలా ముందే చెప్పారు. అందులో అవి మాట చివర చేరతాయి. సెర్బో-క్రొయేషియన్‌లో మాట ముందు ఒక చిన్న పదం పెట్టి, చివర విభక్తి కూడా మార్చాలి. పిల్లలు అవే, అర్థమూ అదే. అయినా రెండో భాషలో ఆలస్యమైంది.

తెలుగు కూడా చివర చేర్చుకునే భాషే. ‘ఇంట్లోంచి’, ‘వెళ్ళనివ్వలేదు’, ‘పడుకోబెట్టింది’ అన్న మాటలు చూడండి. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేదాన్ని మన మూడేళ్ళ పిల్లలు ఒక ఊపిరిలో అనేస్తారు.

వచ్చింది, వచ్చాడు, వచ్చారు, వచ్చాయి

ఈ చిక్కును ఏ తెలుగు పాపకూ ఎవరూ విడమరిచి చెప్పరు. అమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. నాన్న మాత్రం వచ్చాడు. ఏకవచనంలో ఆడవాళ్ళు పిల్లితోనూ బస్సుతోనూ కలిసి ఉన్నారు. బహువచనంలో వాటిని వదిలేసి మగవాళ్ళతో కలుస్తారు: ఆడవాళ్ళు వచ్చారు, మగవాళ్ళు వచ్చారు, పిల్లులు, బస్సులు వచ్చాయి. దీనిమీద గౌరవం కోసం వాడే ‘వచ్చారు’ ఒకటి, ఒక్క తాతగారికీ అదే! ఈ గందరగోళం చాలదన్నట్టు ‘మనం’, ‘మేము’. ఎదుటివాళ్ళను కలుపుకోవాలో వద్దో వాక్యం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఇంగ్లీషు పెద్దలకు ఈ బాధ లేదు, వాళ్ళకు రెండింటికీ ఒకటే మాట. తెలుగు నేర్చుకునే పరాయి భాషవాళ్ళు ఏళ్ళ తరబడి తడబడే ఈ రెంటినీ మన పిల్లలు బడి నాటికి దాటేస్తారు.

నువ్వు అంటే నేను

కొందరు పిల్లలు కొన్నాళ్ళపాటు ‘నాకు కావాలి’ అనడానికి ‘నీకు కావాలి’ అంటారు. పెద్దలు తనను ‘నువ్వు’ అంటున్నారు కాబట్టి తన పేరు ‘నువ్వు’ అనుకోవడంలో తప్పేముంది? సంజ్ఞాభాషలో ఈ సమస్య ఉండదని ఎవరైనా అనుకుంటారు, వేలితో మనిషినే చూపిస్తారు కదా! లారా పెటిటో 1987లో అందుకు భిన్నమైన సంగతి చెప్పారు. అమెరికన్ సంజ్ఞాభాషలో పెరుగుతున్న వినికిడి లేని పాప కూడా, రెండేళ్ళు నిండే ముందు, తన గురించి చెప్పడానికి ఎదుటివాళ్ళ వైపు వేలు చూపించింది. అప్పటికి ఆ వేలు ఆమెకు సైగ కాదు, మాట.

చూపు లేని పాప ‘చూడు’

పుట్టుకతో చూపు లేని పాపకు ‘చూడు’ అన్న మాట అర్థమవుతుందా? బార్బరా లాండౌ, లీలా గ్లైట్‌మన్ 1985లో ప్రచురించిన పుస్తకంలో దీనికి సమాధానముంది. ‘పైకి చూడు’ అంటే, కళ్ళకు గంతలు కట్టిన మామూలు పిల్లలు తల పైకెత్తారు. చూపు లేని పాప చేతులు పైకెత్తింది. ‘ముట్టుకో కానీ చూడకు’ అంటే వస్తువును ఒక్కసారి తాకి వదిలేసింది. ‘ఇప్పుడు చూడు’ అనగానే చేతులతో అంతా తడిమింది. వాక్యాల్లో ఆ మాట ఎక్కడెక్కడ ఎలా వస్తోందో విని, తనకున్న ఇంద్రియంతో దానికి అర్థం కట్టుకుంది.

అక్బరు చేసిన క్రూరమైన పరీక్ష, నికరాగువా పిల్లల విజయం

16వ శతాబ్దంలో అక్బరు చక్రవర్తి పసిపిల్లలను ఒక భవనంలో ఉంచి, వాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదని ఆజ్ఞాపించాడు. కొన్నేళ్ళ తరవాత వెళ్ళి చూస్తే ఆ పిల్లలకు ఒక్క మాటా రాలేదని అక్బర్‌నామా చెబుతోంది. సహజ శక్తి ఎంత ఉన్నా, మాట్లాడే మనుషులు లేకపోతే అది మొలకెత్తదు.

1977లో నికరాగువా రాజధాని మనాగువాలో వినికిడి లేని పిల్లలకు ఒక బడి తెరిచారు. ఉపాధ్యాయులు స్పానిష్‌ను పెదవుల కదలికను బట్టి నేర్పబోయారు, ఫలించలేదు. ఆటస్థలంలోనూ బస్సులోనూ పిల్లలు తమ ఇళ్ళలోని సైగలు కలిపి మాట్లాడుకోసాగారు. తరవాత చేరిన చిన్నపిల్లలు ఆ సైగల కలబోతను చూసి, దానికి పక్కా వ్యాకరణం తెచ్చారు. 1986లో అక్కడికి వెళ్ళిన జూడీ కెగల్, ఆ తరవాత ఆన్ సెంగాస్ దీన్ని నమోదు చేశారు. ఒక వస్తువు దొర్లుకుంటూ కిందికి పోయిందని చెప్పాలంటే, మొదటి తరంవాళ్ళు దొర్లడాన్నీ దిగడాన్నీ ఒకే సైగలో కలిపి చూపేవారు. తరవాతి పిల్లలు రెండుగా విడదీసి, ఒకదాని తరవాత ఒకటి పేర్చారు. ఒక భాష పుట్టడం మన కాలంలో పరిశోధకులు కళ్ళారా చూసిన అరుదైన సందర్భమిది. దాన్ని కట్టింది పెద్దలు కాదు.

అమెరికాలో సైమన్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన పిల్లవాడి కథా ఇలాంటిదే. వినికిడి లేని అతని తల్లిదండ్రులు సంజ్ఞాభాష పెద్దయ్యాక నేర్చుకున్నారు కాబట్టి తప్పులు చాలా చేసేవారు. సైమన్‌కు ఇంట్లో ఆ తప్పుల భాషే దొరికింది. ఏడేళ్ళకు అతను వాళ్ళకన్నా ఎంతో నియమబద్ధంగా సంజ్ఞ చేశాడని జెన్నీ సింగిల్టన్, న్యూపోర్ట్ చూపించారు.

బువ్వ, లాల, జోజో

చార్లెస్ ఫెర్గూసన్ 1964లో మరాఠీతో సహా ఆరు భాషల్లో పెద్దలు పిల్లలతో మాట్లాడే ముద్దుమాటలను పోల్చారు. సులువైన హల్లులు, ఒకే అక్షరం రెండుసార్లు రావడం అన్నిటా కనిపించాయి. మన లాల, జోజో, జేజే ఆ కుదురులోవే. అయితే ఇవి లేకపోయినా భాష వస్తుంది. పపువా న్యూగినీలోని కలూలీ ప్రజలు పసిపిల్లలతో ముద్దుమాటలు మాట్లాడరని బాంబి షీఫెలిన్ గమనించారు. పిల్లలకు గట్టి మాటలే వినిపించాలని వాళ్ళ నమ్మకం. ఆ పిల్లలూ కలూలీ చక్కగా మాట్లాడతారు. ముద్దుమాటలు మానమని కాదు నేననేది. అవి ప్రేమ కోసం, వ్యాకరణం కోసం కాదు.

మీ వంతు

రెండు భాషలు వింటే పిల్లలు గందరగోళపడతారని భయపడి, హైదరాబాదులోనూ డాలస్‌లోనూ ఎందరో తల్లిదండ్రులు తెలుగు మానేసి ఇంగ్లీషు పట్టుకుంటున్నారు. ఆ భయానికి ఆధారం లేదు. రెండు భాషల పిల్లలు చిన్నతనంలోనే రెండు వ్యాకరణాలనూ వేరువేరుగా నిలుపుకుంటారు. మధ్యలో మాటలు కలిపినా సరే. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలకు తెలుగు రాదనకండి. చెవిలో ఉంది. నోటికి రావాలంటే, తెలుగులో మాట్లాడితే తప్ప జరగని పనులు వాళ్ళకు కొన్నయినా ఉండాలి. తాతతోనో అమ్మమ్మతోనో ఫోనులో మాట్లాడటం అలాంటిదే.

చార్లెస్ డార్విన్ తన పెద్ద కొడుకు పసితనం గురించి డైరీ రాసుకుని, దాని ఆధారంగా 1877లో వ్యాసం ప్రచురించారు. ఏడాది నిండిన ఆ బాబు అన్నాన్ని ‘మమ్’ అనేవాడని, అడిగేటప్పుడు చివర ప్రశ్నలా గొంతు లేపేవాడని అందులో ఉంది. తండ్రిగా రాసుకున్న ఆ నాలుగు ముక్కలు ఇవాళ్టికీ శాస్త్రానికి పనికొస్తున్నాయి. మీ ఇంట్లో రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలుంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ వేసి, పాప వయసు రాసి, అన్న మాటను దిద్దకుండా అన్నది అన్నట్టు రాయండి. పక్కన సందర్భం ఒక్క వాక్యంలో చెప్పండి. ‘ఇల్లులో’, ‘వచ్చలేదు’, ‘చెయ్యిలు’ లాంటివి ఎక్కువ కాలం నిలవవు. అయిదారేళ్ళు దాటాక ఆ మాటలు అన్న పిల్లలకే గుర్తుండవు.